అడ్డంగ నడిచే విద్య

ఓదెలు సార్ నేర్పిన మొదటి కటాల
ముందుకు అడుగు లేదు, ఎనకకు లేదు.
ఎండ్రికాయ నడక. కుడికి, మళ్ల ఎడమకు.
వీపు ఎన్నడు గోడను ఇడువది.

గోదావరిఖనిల క్వార్టర్ల ఎనక సిమెంటు గచ్చు,
నడిమిట్ల బట్టలారేసే తీగ.
ఫస్టు షిఫ్టు చేసొచ్చేటోడు సార్.
ఎంత రుద్దినా రెప్పల అంచుల బొగ్గు పోయేది కాదు.
తెల్ల బట్టల మీద ఆ కాటుక కండ్లు చూసి
మా శ్రీలత నవ్వేది.
నవ్వుకు ఇరవై దండీలు.
నా తెల్ల బెల్టును అమ్మ పసుపు నీళ్లల్ల ముంచి
పసుపు బెల్టు చేసిచ్చింది,
చెమట వడితే నడుమంత పెండ్లిపిల్ల.

"నైహాంచి" అన్నడు. మాకు నోరు తిరగలే.
"గుర్రమెక్కినట్టు కూసోండ్రి.
గుర్రం లేదు. అయినా కూసోండ్రి."

పన్నెండేండ్లకు హన్మకొండల
షోటోకాన్ దేవేందర్ నన్ను చూసి
"ఇది టెక్కి గదా, ఇనుప గుర్రం,
కాళ్లు ఇంకింత సాపు" అన్నడు.
కాజీపేట తబస్సుమ్‌ది షిటో-ర్యూ:
"అంత ఎడం ఎందుకక్కా, దగ్గరికి తే,
బొటనేళ్లు లోపలికి సూడాలె."
వాడో-ర్యూ ఆయన ఇంకా లోపలికన్నడు.
గోజు-ర్యూ పిల్లగానికి ఈ కటానే లేదు,
వాడు సాంచిన్ మూడడుగులల్ల నిలవడి
బుస్సుబుస్సుమని ఊపిరితోని గోడ కడ్తడు.
కొరియా విద్య నేర్సినోడు దీన్నే చుల్గి అంటడు.
చాయ్ గ్లాసు పక్కన వెట్టి చేసి సూపెట్టిండు:
మా మేనత్త కొడుకు మొఖం లెక్క,
పోలిక ఉంది, పిలుపు వేరు.

నా కాళ్లు ఎవ్వలతోని కలువలే.
అందరికన్న ఇరుకు నా గుర్రం.
మోకాలు లేపాల్సిన కాడ
పాదం నేలను రాసుకుంట పోతది.
ఎనకకు గుంజిన పిడికిలి నడుముకు తాకదు,
బెత్తెడు ముందే ఆగుతది.
తల తిప్పే ముందు ఒక్క రెప్పపాటు కిందికి వంచుత.
జడ్జీలు ఐదుగురు, ఐదుగురూ కోసిండ్రు.
"ఏ స్టైల్ మీది?"
సర్టిఫికెట్ తీసి సూసిన: పులి బొమ్మ, సార్ సంతకం,
స్టైల్ అన్న కాడ ఉత్త గీత.

పోయి అడిగిన.
సార్ ఎల్లిపాయ ఒలుస్తున్నడు.
చాన సేపు నవ్విండు, మధ్యల దగ్గు.

"స్టైల్ ఏంది బిడ్డా, అది గ్యాలరీ.
నాగ్‌పూర్ ఓవర్‌మన్ ఒకాయన నేర్పిండు నాకు,
టబ్బులు వచ్చేదాంక ఖాళీ గదా, లోపట్నే.
ఎనక బొగ్గు గోడ, ముందట పట్టాలు,
కాళ్లు యాడ సాపుత?
మోకాలు లేపి తొక్కితే బురద నీళ్లు సిందుతయి,
పక్కోడు తిడ్తడు.
నడుముకు లైటు బ్యాటరీ,
దాని మీద పిడికిలి ఎట్ల వెడ్త?"
తల సంగతి నేను అడగలే. ఆయనే చెప్పిండు,
ఎల్లిపాయ పొట్టు ఊదుకుంట:
"టోపీ లైటుతోని గిర్రున తిరిగితే
ఎదుటోని కండ్లు పోతయి.
ముందుగాల వెలుగు కిందికి దించాలె. గంతే."

గంతే.
ఎండల నిలవడి పన్నెండేండ్లు
లేని బ్యాటరీకి జాగ ఇడిసిన.
ఎదురుంగ ఎవ్వలు లేకున్నా
ఎవ్వలవో కండ్లు కాపాడిన.

ఇప్పుడు సుబేదారిల నా దగ్గర పద్నాలుగు మంది.
పుస్తకంల ఉన్నట్టే నేర్పుత,
నేల మీద సున్నం గీతలు, టేపుతోని కొలతలు.
రేపు కరీంనగర్‌ల పోటీలు.
"పిడికిలి నడుముకు తాకాలె" అని
ప్రణవికి పొద్దుగాల నుంచి చెప్తనే ఉన్న.
తాకిచ్చింది.
కాళ్లు ఎడం వెట్టింది, మోకాలు మంచిగ లేపింది.
తిరిగేటప్పుడు మాత్రం
కనవడీ కనవడనట్టు తల వంచింది.

నేను నేర్పలే.
ఎన్నడో నన్ను సూసి నేర్సుకున్నట్టుంది.
హాజరు రిజిస్టర్ల తలకాయ వెట్టి
సూడనట్టే ఉన్న.